కొట్టినోడికే తగిలే దెబ్బ: జీడి రాకాసి కేస్ స్టడీ

రెండో రౌండ్ పూర్తయ్యేసరికి మా ఆటలో దొంగ పాత్ర నేల మీద ఉంది. 24 ప్రాణంతో పోరులోకి దిగి 25 దెబ్బ తింది. అందులో రాకాసి గోరు చేసింది 9 మాత్రమే. మిగిలిన 16 తన కత్తులతో తానే తెచ్చుకుంది. రాకాసిని తయారుచేసింది నేను, లెక్క కట్టింది నేను. ఆట పుస్తకం ప్రకారం ఆ లెక్కలో తప్పు లేదు. మరి తప్పు ఎక్కడుందో వెతకడానికి నాకు రెండు వారాలు పట్టింది.

శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలికి దగ్గర్లో మా మేడ మీద గదిలో ఆదివారాలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడిస్తాను. వారమంతా ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్తాను కాబట్టి ఆట బల్ల దగ్గర కూడా నేను మేస్టారినే. ఆడేవాళ్ళు నలుగురు. మా మేనల్లుడు ఫైటర్. బీటెక్ రెండో ఏడు చదువుతున్న అమ్మాయి రోగ్; మా బల్ల మీద రోగ్‌ని దొంగ అనే అంటాం. మందుల షాపు నడిపే మిత్రుడు క్లెరిక్, అక్కడా ఇక్కడా మందులిచ్చేది అతనే. నాలుగో అతను పలాస కుర్రాడు, విజర్డ్, అంటే మంత్రగాడు. ఆదివారం పొద్దున్నే రైలెక్కి ఆమదాలవలసలో దిగి, ఆటోలో వస్తాడు.

ఈ ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దీన్ని అమెరికాలో బయటికి తెచ్చారు. ఒకరు డంజన్ మాస్టర్‌గా కథ నడుపుతారు, మిగిలినవాళ్ళు తలో పాత్ర వేస్తారు. దెబ్బ తగిలిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది: పడిన అంకెకి కొట్టేవాళ్ళ గురి బోనస్ కలిపితే ఎదుటివాళ్ళ కవచం అంకెని అందుకోవాలి. పుస్తకంలో పోరాట ఘట్టాన్ని ఎన్‌కౌంటర్ అంటారు. శ్రీకాకుళంలో ఆ మాటకి ఎప్పటినుంచో ఇంకో అర్థం ఉంది, మా నాన్నగారి తరం అది వింటే ఇప్పటికీ తలెత్తి చూస్తుంది. అందుకని మేం పోరు అంటాం.

గాబ్లిన్లూ ఓగర్లూ కొట్టి కొట్టి పిల్లలకి మొహం మొత్తింది. మన నేల మీద పుట్టిన రాకాసి కావాలన్నారు. పలాస కుర్రాడు వాళ్ళ ఊళ్ళో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళ చేతుల గురించి చెప్పాడు. పిక్క తొక్కలో ఉండే నూనె చర్మం మీద పడితే కాలిపోతుంది, వేళ్ళు నల్లబడతాయి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను ఉద్దానంలో జీడితోటల్ని పడుకోబెట్టేసింది కదా. ఆ పడిన మొద్దుల్లోంచి లేచిన రాకాసి, దాని ఒంట్లో రక్తం బదులు జీడి నూనె, కత్తి దిగితే పొడిచినవాడి మీదే చిందుతుంది. ఇదీ ఊహ. చెప్పగానే నలుగురూ ఒప్పుకున్నారు. నాకూ తెగ నచ్చింది, అక్కడే కొంప మునిగింది.

కాగితం మీద

మేం వాడేది ఐదో ఎడిషన్, 2014 పుస్తకాలు. డంజన్ మాస్టర్స్ గైడ్‌లో 274వ పేజీలో ఒక పట్టిక ఉంది. రాకాసికి ప్రాణం ఎంత, కవచం ఎంత, ఒక రౌండ్‌లో చేసే దెబ్బ ఎంత అన్నవి ఇస్తే దాని ఛాలెంజ్ రేటింగ్ తేలుతుంది. దీన్నే సీఆర్ అంటాం. ఒక సీఆర్ రక్షణ వైపు నుంచి, ఇంకోటి దాడి వైపు నుంచి కట్టి, రెండింటికీ సగటు తీస్తాం.

మావాళ్ళు నలుగురూ మూడో లెవెల్. సీఆర్ 3 రాకాసికి 700 ఎక్స్‌పీ, అంటే గెలిస్తే వచ్చే అనుభవ పాయింట్లు. మూడో లెవెల్ నలుగురికి 600 దాటితే మీడియం, 900 దాటితే హార్డ్. అంటే 700 అనేది చెమట పట్టించే పోరేగాని ప్రాణం తీసేది కాదు. అక్కడికి గురిపెట్టాను.

ప్రాణం 105. పట్టికలో 101 నుంచి 115 దాకా సీఆర్ 3. ఆర్మర్ క్లాస్, పొట్టిగా ఏసీ, 14. మే నెలలో మా గదిలో ఏసీ అంటే అందరూ గోడ వైపు చూస్తారు కాబట్టి దీన్ని కవచం అనే అంటాను. సీఆర్ 3కి పట్టిక ఊహించేది 13, ఒక్క అంకె తేడాకి ఏమీ మారదు. రక్షణ వైపు 3 ఖాయం.

దాడి వైపు రెండు గోళ్ళు. ఒక్కోటి రెండు ఆరుముఖాల పాచికలకి మూడు కలిపితే సగటు 10, రెండూ కలిపి 20. పట్టికలో 15 నుంచి 20 దాకా సీఆర్ 2. కానీ ఆ వరుసకి గురి బోనస్ 3 ఉండాలి, నాది 5. రెండు ఎక్కువైతే ఒక మెట్టు పైకి. అలా దాడి కూడా 3.

ఇక జీడి చిందు. ఐదడుగుల లోపు నుంచి ఎవరు కొట్టినా, ఆ దెబ్బ తగిలితే కొట్టినవాళ్ళకి రెండు నాలుగుముఖాల పాచికల ఆసిడ్ డ్యామేజ్, సగటు 5. రెండు నాలుగుముఖాల పాచికలే ఎందుకంటే, అవి 16 రకాలుగా పడొచ్చు, 8 పడేది ఒకే ఒక్క రకంగా. గవ్వ రెండు వైపులా సమానంగా పడుతుందనుకుంటే అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలకి అష్టా పడే అవకాశం కూడా సరిగ్గా పదహారింట ఒకటి, దాని విలువా 8. లెక్కల మేస్టారికి ఇంతకంటే ఏం కావాలి! బల్ల మీద 8 పడినప్పుడల్లా అందరూ "అష్టా!" అని అరవాలని నియమం పెట్టాను.

చిందుని సీఆర్‌లో ఎలా కలపాలి? పుస్తకంలో బాలోర్ అనే పెద్ద భూతం ఉదాహరణగా దీనికి సూచన ఉంది. తనని దగ్గర్నుంచి కొట్టినవాళ్ళని దాని ఒంటి మంట కాలుస్తుంది. ఒకరు ఎప్పుడూ దగ్గరే ఉండి కొడతారనుకుని, ఆ దెబ్బని ఒకసారి కలుపుకోమంటుంది పుస్తకం. కలిపాను. 20కి 5 కలిస్తే 25, అది 21–26 వరుస, సీఆర్ 3. ఆ వరుసకి గురి 4, నాది 5, ఒక్కటే తేడా కాబట్టి మెట్టు మారదు. ఎటు చూసినా 3. అంటే చిందు కలిపినా కలపకపోయినా పట్టిక చెప్పేది ఒకటే. నేను ఆగాల్సింది ఇక్కడ. ఇంత మంట ఉన్న గుణం ఖర్చు లేకుండా వచ్చిందంటే ఎక్కడో ఎవరో బిల్లు కడుతున్నట్టే. నేను మాత్రం జిరాక్స్ తీయించుకుని వచ్చేశాను.

బల్ల మీద

మొదటి రౌండ్‌లో దొంగ రెండు పొట్టి కత్తులూ దింపింది. అమ్మాయి మొహం వెలిగిపోయింది. చిందు ఒకసారి 4, ఒకసారి 6. 24 కాస్తా 14. రెండో రౌండ్‌లో ఒక కత్తి తగిలింది, చిందు 6. తర్వాత రాకాసి వంతు, ఒక గోరు తగిలి 9. దొంగ పడింది.

క్లెరిక్ లేపాడు. క్యూర్ వూండ్స్ అనే గాయాలు మాన్పే మంత్రంతో ఆ లెవెల్‌లో సగటున ఏడున్నర ప్రాణం వస్తుంది, ఒకటిన్నర చిందుకి సరి. లేచిన దొంగ కత్తి ఎత్తి, దించి, నా వైపు చూసింది.

"కొడితే నాకు నొప్పి, కొట్టకపోతే దానికి నొప్పి లేదు. నేనేటి సెయ్యాల మేస్టారూ?"

నా దగ్గర జవాబు లేదు. మూడో రౌండ్ తర్వాత ముగ్గురూ వెనక్కి వచ్చేశారు. రాకాసి మొద్దు కదా, నడక 20 అడుగులే పెట్టాను, వాళ్ళది 30. ఇక పట్టుకోలేదు. విజర్డ్ ఒక్కడే దూరం నుంచి నిప్పురవ్వలు విసురుతున్నాడు. మిగిలినవాళ్ళు ఫోన్లు తీశారు. రాకాసికి ఇంకా 40 ప్రాణం ఉంది. విజర్డ్ నిప్పురవ్వ తగిలే అవకాశం లెక్కేస్తే రౌండ్‌కి సగటు దెబ్బ మూడున్నర పైచిలుకు. ఇంకో పదకొండు రౌండ్లు. రాకాసికి విసుగొచ్చి తోటలోకి వెళ్ళిపోయిందని ప్రకటించాను. విసుగొచ్చింది దానికి కాదు.

(జీడి నూనె అంటుకోవాలి కదా అని పలాస కుర్రాడు అడిగాడు. అంటుకుంటుంది. కానీ నిప్పుకి బలహీనత ఇస్తే అతని దెబ్బ రెట్టింపై, పోరు మొత్తం అతనొక్కడి చేతికి పోతుంది. తుపాను వానకి తడిసిన మొద్దు అని తప్పించుకున్నాను.)

లెక్క ఎక్కడ జారింది

ముందు గోళ్ళు. పట్టికలో రాసిన 20 అనేది రెండూ తగిలితే వచ్చే అంకె. బల్ల మీద అది 20 కాదు. ఫైటర్ కవచం 18. రాకాసి గురి 5, అంటే పాచిక 13 నుంచి 20 మధ్య పడాలి: 8 ముఖాలు, 40 శాతం. ఇరవై పడితే వచ్చే క్రిటికల్ (దెబ్బ పాచికలు రెట్టింపు) కలుపుకున్నా, ఫైటర్ మీద రెండు గోళ్ళ సగటు దెబ్బ 8.7. కవచం 15 ఉన్న దొంగ మీద 11.7. పట్టిక కట్టినవాళ్ళకి ఈ తరుగు తెలుసు, అందుకే గురి బోనస్‌ని కూడా చూసి సర్దుతారు.

చిందుకి ఆ తరుగు లేదు. రాకాసి పాచిక వేయక్కర్లేదు, మనవాళ్ళే వేస్తారు. ఫైటర్, దొంగ గురి 5, రాకాసి కవచం 14. పాచిక 9 నుంచి 20 మధ్య పడితే చాలు: 12 ముఖాలు, 60 శాతం. ఫైటర్‌కి ఒక దెబ్బ, దొంగకి రెండు కత్తులు, క్లెరిక్ గదతో ఇంకొకటి, అతనికి 55 శాతం. అన్నీ కూడితే రౌండ్‌కి తగిలే దెబ్బలు 2.35. ఒక్కోదానికి 5 చొప్పున 11.75.

పుస్తకం కలుపుకోమన్నది 5. బల్ల మీద అయింది దాదాపు 12. దాని రెండు గోళ్ళూ ఫైటర్ మీద చేసే దానికంటే ఇది ఎక్కువ! రౌండ్‌కి ఒక్క వంతు ఉండాల్సిన రాకాసికి, మా పార్టీ (నలుగురి జట్టు) వంతులన్నీ నేనే రాసిచ్చేశాను. పుస్తకం "ఒకరు" కొడతారనుకోమంది. ఆ ఊహని నేను మా బల్ల సగటుగా తీసుకున్నాను. క్లాసులో పిల్లలెవరైనా ఇలా చేస్తే మార్కులు కోసేవాణ్ణి.

దొంగ సంగతి ఇంకా అన్యాయం. రౌండ్‌కి ఆమెకి తగిలే దెబ్బలు 1.2, తిరిగొచ్చే చిందు 6. రాకాసి ఆమె వైపు కన్నెత్తి చూడకపోయినా నాలుగు రౌండ్లలో 24 ప్రాణం ఖాళీ.

ఇక్కడిదాకా ఒక సాయంత్రంలో తేలింది. నేను ఆలస్యంగా చూసింది ఇంకోటి. చిందు నిజానికి రౌండ్ల లెక్క కాదు, మారకం లెక్క. ఫైటర్ ఒక దెబ్బ తగిలితే రాకాసికి సగటున తొమ్మిదిన్నర ఇచ్చి, 5 పుచ్చుకుంటాడు. దొంగ కుడిచేతి కత్తి, వెన్నుపోటు (వంతుకి ఒకసారి దొంగకి కలిసే అదనపు దెబ్బ) కూడా కలిస్తే, పదమూడున్నర ఇచ్చి 5 పుచ్చుకుంటుంది. ఎడమచేతి కత్తికి అదనపు బలం కలవదు కాబట్టి అది ఇచ్చేది మూడున్నర, పుచ్చుకునేది అయిదు. నష్టానికి బేరం. చేతిలో రెండు కత్తులున్న పాత్ర, రెండోది వాడిన ప్రతిసారీ ఓడిపోతోంది. అమ్మాయి అడిగిన ప్రశ్నకి అంకెల్లో అర్థం ఇదే.

మారకం లెక్క అని తెలిశాక ఇంకోటి తేలికైంది. రాకాసి చావడానికి దగ్గర్నుంచి సుమారు పది దెబ్బలు తగలాలి. చిందు మొత్తం దాదాపు 50. వేగంగా చంపినా, నెమ్మదిగా చంపినా అంతే. నలుగురి ప్రాణం కలిపితే 96. అంటే రాకాసి నిద్రపోతున్నా సరే, దాన్ని కత్తులతో చంపాలంటే పార్టీ తన ప్రాణంలో సగం ముందే కౌంటర్‌లో కట్టాలి.

మరమ్మతు

మొదట చేసిన మరమ్మతు తప్పు మరమ్మతు. ప్రాణం 105 నుంచి 75కి దించాను. చిందు మొత్తం 50 నుంచి 35కి దిగింది, నిజమే. కానీ ఎడమచేతి కత్తి బేరం అలాగే ఉంది: మూడున్నర ఇచ్చి అయిదు. రోగం వదలకుండా మంచం కాళ్ళు కోసినట్టు. బల్ల మీదికి తీసుకెళ్ళకుండానే చించేశాను.

చిందు దెబ్బని 5 నుంచి 2కి దించడం గురించీ ఆలోచించాను. లెక్క కుదురుతుంది, కానీ రాకాసిలో కళ పోతుంది. జీడి పడితే చుర్రుమనాలి. 2 అంటే చీమ కుట్టినట్టు.

పని చేసింది ఇది: చిందుని రియాక్షన్ చేశాను. రియాక్షన్ అంటే తన వంతు కానప్పుడు రౌండ్‌కి ఒక్కసారి చేయగలిగే పని. రౌండ్‌లో మొదట తగిలిన దెబ్బకి మాత్రమే నూనె చిందుతుంది, మళ్ళీ రాకాసి వంతు వచ్చేదాకా ఊరదు. ఇప్పుడు దగ్గర్నుంచి కొట్టే నాలుగు దెబ్బలూ తప్పే అవకాశం 0.4, 0.4, 0.4, 0.45ల గుణితం, అంటే 3 శాతం కంటే తక్కువ. మిగతా 97 శాతం సార్లు చిందు ఒకటే. సగటు 4.86. పుస్తకం ఊహించిన 5 ఇదే. పుస్తకం ఊహకి సరిపడేలా రాకాసినే మార్చాను.

గోళ్ళు కూడా మార్చాను. దొంగ మీద రెండూ తగిలే అవకాశం 0.55 వర్గం, 30 శాతం. తగిలితే 20, ఉన్నది 24. అంటే మూడు రౌండ్లకి ఒకసారి ఆమె ఒక్క వంతులో దాదాపు ఖాళీ. రెండు గోళ్ళ బదులు మూడు పెట్టి, ఒక్కో గోరుకి ఒకే ఆరుముఖాల పాచిక, పైన 3 ఇచ్చాను. మొత్తం 20 బదులు 19.5. మూడూ తగిలే అవకాశం 17 శాతం. సగటు అలాగే ఉంది, ఊగిసలాట తగ్గింది: క్రిటికల్స్ పక్కన పెడితే ప్రామాణిక విచలనం 7.5 నుంచి 6కి వచ్చింది. ఇంటర్ పుస్తకంలో విచలనం చాప్టర్ చెప్పేటప్పుడు "ఇదెందుకు సార్" అని అడిగేవాళ్ళకి చూపించడానికి నాకు ఇప్పుడు ఒక రాకాసి ఉంది.

మూడోది నా ఆలోచన కాదు. "మా అమ్మమ్మ పిక్కలు కొట్టేముందు చేతులకి బూడిద రాసుకునేది మేస్టారూ, మావోళ్ళు రాసుకోరా?" అన్నాడు పలాస కుర్రాడు. ఎందుకు రాసుకోరు? పోరుకి ముందు బూడిద రాసుకుంటే మొదటి రెండు చిందులు సగమే, 5కి 2. పోరు మధ్యలో రాసుకోవాలంటే ఒక వంతు పోతుంది. దొంగకి ఒక వంతు విలువ రాకాసి మీద 12 దెబ్బ, కాబట్టి మధ్యలో రాసుకోవడం దండగ. ముందే అడిగి తెలుసుకున్నవాళ్ళకి ఉచితం. ఊళ్ళో ముసలమ్మతో మాట్లాడినవాడికి లాభం ఉండాలి, అది లెక్కలోకే రావాలి.

మళ్ళీ బల్ల మీద

ఈసారి పోరు నాలుగు రౌండ్లలో ముగిసింది. క్లెరిక్ ఒకసారి పడి లేచాడు. ఎడమచేతి కత్తి మళ్ళీ బయటికి వచ్చింది, ఎందుకంటే రౌండ్‌లో ఒక చిందు ఎవరో ఒకరు తిన్నాక మిగిలిన దెబ్బలన్నీ ఉచితం. మా మేనల్లుడు ప్రతి రౌండ్‌లోనూ "చిందు నా మీదికే రానీ" అని ఛాతీ విరుచుకుని దిగాడు. 28 ప్రాణం ఉన్నవాడికి అది గొప్ప త్యాగమేమీ కాదు గాని, చూడ్డానికి బాగుంది.

నాకు బాగా గుర్తుండేది మూడో రౌండ్. వరుసలో దొంగ వంతు ఫైటర్ కంటే ముందు. ఆమెకి మిగిలింది 7 ప్రాణం. "నేను ఆగి, అన్నయ్య కొట్టాక కొడితే?" అంది. ఆగొచ్చు, రూల్స్‌లో దాన్ని రెడీ చేయడం అంటారు. కానీ అలా ఆగితే ఎడమచేతి దెబ్బ పోతుంది, వెన్నుపోటుకి రెండో అవకాశమూ పోతుంది. అక్కడికక్కడే కాగితం మీద వేసి చూపించాను. క్రిటికల్స్ పక్కన పెడితే పూర్తి వంతుకి సగటు 11.9, ఆగి కొడితే 8.1. వదులుకునేది దాదాపు 4. ముందు కొడితే ఆమె మీద చిందు సగటు 4.2, ఆగితే, ఫైటర్ గురి తప్పినప్పుడు మాత్రమే ఆమెకి వస్తుంది, 1.2. మిగిలేది 3 ప్రాణం. 4 ఇచ్చి 3 తీసుకోవడం. నిండుగా 24 ఉన్నప్పుడు అది చెడ్డ బేరం, 7 ఉన్నప్పుడు కాదు. అమ్మాయి పెదవి కొరుక్కుంటూ ఒక నిమిషం కూర్చుంది. ఫోన్లు ఎవరూ తీయలేదు.

ఆగింది. ఫైటర్ కొట్టాడు, తగిలింది, చిందు 8. నలుగురూ ఒక్కసారే "అష్టా!" అని అరిచారు. కింద వాటాలో వాళ్ళు ఏమైందో అని మెట్ల దాకా వచ్చి చూసి వెళ్ళారు.

చచ్చింది ఒక మొద్దే, తోటలో ఇంకా ఉన్నాయి. పోరు అయ్యాక సంతకెళ్ళి పార్టీ నాలుగు పొట్టి విల్లులు కొంది, ఒక్కోటి 25 బంగారు నాణేలు. ఎవరూ దగ్గరికి వెళ్ళకపోతే దెబ్బ తగిలినా చిందు సున్నా. రాకాసి నడక ఇంకా 20 అడుగులే. వచ్చే ఆదివారానికి ఇంకో మొద్దు లేస్తుందని నోరు జారి చెప్పేశాను.